నల్ల స్క్రీన్‌లో ‘3’ నొక్కితే కంప్యూటర్ ఐడీ మారిపోతుందా? సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఫోన్ కొనేవాళ్లు ముందు ఇది చదవండి

హైదరాబాద్: నల్ల స్క్రీన్. దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. ఒకటి నొక్కితే ఐడీలు చూపిస్తుంది. రెండు నొక్కితే బ్యాకప్ తీస్తుంది. మూడు నొక్కితే మార్చేస్తుంది. నాలుగు నొక్కితే పాత ఐడీలు మళ్లీ పెడుతుంది. సున్నా నొక్కితే బయటికొచ్చేస్తుంది. మౌస్‌తో పనే లేదు. చూడ్డానికి ఏటీఎం మెనూ అంత సింపుల్‌గా ఉంటుంది. ‘గేమ్‌లో బ్యాన్ పడిందా? రెండు నిమిషాల్లో తీసేయొచ్చు’ అంటూ ఇలాంటి ప్రోగ్రామ్‌ల వీడియోలు మీ ఫీడ్‌లో కూడా వచ్చే ఉంటాయి.

వీటిని హార్డ్‌వేర్ ఐడీ ఛేంజర్ అంటారు, స్పూఫర్ అని కూడా అంటారు. ఇవి నిజంగా ఏం చేస్తాయి? కంప్యూటర్‌లో ఐడీ మార్చడం నేరమా? మరి ఫోన్‌లో ఐఎంఈఐ మారిస్తే జైలు ఎందుకు? అన్నిటికంటే ముఖ్యంగా, పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌లోనో, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో సెకండ్ హ్యాండ్ మాల్ కొనేవాళ్లకు దీంతో వచ్చే నష్టమేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు హార్డ్‌వేర్ ఐడీ అంటే ఏంటి?

బండికి నెంబర్ ప్లేట్ ఉంటుంది. ఛాసిస్ నెంబర్, ఇంజిన్ నెంబర్ వేరే ఉంటాయి. ప్లేట్ మార్చడం ఈజీ. ఛాసిస్ మీద చెక్కిన నెంబర్ మార్చడం కష్టం. కంప్యూటర్‌లో కూడా అంతే. ఒక్క ఐడీ కాదు, చాలా ఉంటాయి. కొన్ని ప్లేట్ లాంటివి, కొన్ని ఛాసిస్ నెంబర్ లాంటివి.

మొదటిది మ్యాక్ అడ్రస్. వైఫై కార్డుకు, లాన్ పోర్టుకు కంపెనీ ఇచ్చే నెంబర్ ఇది. మొత్తం 48 బిట్లు. రాస్తే 12 అక్షరాలు, అంకెలు వస్తాయి. మొదటి సగం చూసి ఆ కార్డు ఏ కంపెనీదో చెప్పొచ్చు. మిగతా సగం ఆ కార్డుకే ప్రత్యేకం.

రెండోది డిస్క్ నెంబర్. ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. సీ డ్రైవ్‌కు వాల్యూమ్ నెంబర్ అని ఒకటి ఉంటుంది. అది ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ ఇచ్చేది. మళ్లీ ఫార్మాట్ చేస్తే మారిపోతుంది. డిస్క్‌కు కంపెనీ ఇచ్చిన సీరియల్ నెంబర్ వేరు. అది డిస్క్ లోపలి ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. ఫార్మాట్ చేసినా పోదు.

మూడోది మదర్‌బోర్డు ఐడీ. బోర్డు సీరియల్ నెంబర్, దాంతో పాటు యూయూఐడీ అనే 128 బిట్ల నెంబర్ బయోస్ చిప్‌లో ఉంటాయి. కొత్త విండోస్ ఎక్కించినా ఇవి అలాగే ఉంటాయి.

నాలుగోది టీపీఎం. కొత్త కంప్యూటర్లలో ఉండే సెక్యూరిటీ చిప్ ఇది. తయారీలోనే దీనికి ఒక ప్రత్యేకమైన కీ వస్తుంది. దాన్ని మార్చడం మామూలు ప్రోగ్రామ్‌ల వల్ల అయ్యే పని కాదు. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 ఉండాల్సిందే అని రూల్ పెట్టింది గుర్తుందా? ఆ చిప్ ఇదే.

ఈ నెంబర్లన్నీ కలిపి ఒక సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌ను గుర్తుపడుతుంది. మనిషిని మొహం, గొంతు, నడక చూసి గుర్తుపట్టినట్టు. ఒక్కటి మారినా మిగతావాటితో పట్టేస్తుంది.

మెనూలో ‘3’ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

‘1’ నొక్కినప్పుడు ప్రోగ్రామ్ విండోస్‌ను అడిగి ఈ ఐడీలన్నీ తెచ్చి లైన్‌గా చూపిస్తుంది. ఇందులో ప్రమాదమేమీ లేదు. ఆ మాటకొస్తే దీనికి ఏ డౌన్‌లోడూ అక్కర్లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చేసి, గెట్‌మ్యాక్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కితే మ్యాక్ అడ్రస్‌లు వస్తాయి.

‘3’ దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఇలాంటి ప్రోగ్రామ్‌లు మూడు రకాలుగా పని చేస్తాయి.

మొదటి రకం విండోస్ సెట్టింగ్స్‌లో రాసుకున్న నెంబర్‌ను మారుస్తుంది. మ్యాక్ అడ్రస్, వాల్యూమ్ నెంబర్ లాంటివి ఇలా మారతాయి. ఇది నెంబర్ ప్లేట్ మార్చడం లాంటిది. ఛాసిస్ అలాగే ఉంటుంది.

రెండో రకం ఏ నెంబర్‌నూ మార్చదు. మధ్యలో దూరి అబద్ధం చెబుతుంది. గేమ్ వచ్చి ‘డిస్క్ సీరియల్ ఎంత?’ అని విండోస్‌ను అడిగితే, అసలు జవాబు వెళ్లకుండా ఆపి తప్పుడు జవాబు పంపిస్తుంది. ఇలా చేయాలంటే విండోస్ లోపలి పొర వరకు వెళ్లాలి. దాన్ని కెర్నల్ అంటారు. అక్కడికి వెళ్లిన ప్రోగ్రామ్‌కు మీ కంప్యూటర్‌లో తాళం వేసిన గది అంటూ ఏదీ ఉండదు.

మూడో రకం బయోస్ చిప్‌లోనే కొత్త నెంబర్ రాస్తుంది. రాసేటప్పుడు కరెంట్ పోయినా, ఆ బోర్డుకు సెట్ కాని ప్రోగ్రామ్ వాడినా బోర్డు ఆన్ కాకుండా పోవచ్చు. తర్వాత సర్వీస్ సెంటర్‌కు వెళ్తే సీరియల్ మ్యాచ్ కాదు, వారంటీ గురించి అడగడానికి కూడా ఉండదు.

‘2’లో బ్యాకప్, ‘4’లో రీస్టోర్ ఉన్నాయి కదా అనిపించొచ్చు. నిజమే, కానీ ఆ బ్యాకప్ కూడా అదే ప్రోగ్రామ్ తీసిన ఫైల్. ఫైల్ పోయినా, ప్రోగ్రామ్ తప్పుగా చదివినా పాత నెంబర్ తిరిగి రాదు.

మరి ఐడీ మార్చడం ప్రతిసారీ తప్పేనా?

కాదు. ఇది క్లియర్‌గా తెలుసుకోవాలి.

మీ జేబులో ఉన్న ఫోన్ కూడా ఈ పని చేస్తూనే ఉంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు అసలు మ్యాక్ అడ్రస్ బదులు తనంతట తాను పుట్టించుకున్న నెంబర్ చూపిస్తోంది. ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఇదే పద్ధతి. ఎందుకంటే షాపింగ్ మాల్‌లో, రైల్వే స్టేషన్‌లో ఒకే నెంబర్ చూపిస్తూ తిరిగితే మీరు ఎక్కడెక్కడ తిరిగారో లెక్క కట్టేయొచ్చు. ఆ ట్రాకింగ్ నుంచి తప్పించడానికే ఈ ఏర్పాటు. విండోస్ సెట్టింగ్స్‌లో కూడా ‘రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్’ అనే ఆప్షన్ ఉంటుంది.

రిపేర్ చేసేవాళ్లకు కూడా ఇలాంటి టూల్ అవసరమే. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది, కొత్త బోర్డు వేశారనుకోండి. కొత్త బోర్డులో సీరియల్ నెంబర్ ఖాళీగా ఉంటుంది. ల్యాప్‌టాప్ కింద స్టిక్కర్ మీద ఉన్న నెంబర్‌నే అందులో రాయాలి. దానికి కంపెనీలు తమ సర్వీస్ వాళ్లకు టూల్ ఇస్తాయి. ఇది దొంగ నెంబర్ పెట్టడం కాదు, అసలు నెంబర్‌ను దాని చోట తిరిగి పెట్టడం. బోర్డు మారాక విండోస్ యాక్టివేషన్ పోయి మళ్లీ చేయించుకోవాల్సి రావడానికి కారణం కూడా ఈ ఐడీలే. విండోస్ లైసెన్స్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది.

అంటే టూల్ అదే. ఎవరి నెంబర్ రాస్తున్నారు, ఎవరిని మోసం చేయడానికి రాస్తున్నారు అన్నదే తేడా.

గేమ్ బ్యాన్‌కు దీనికి లింకేంటి?

ఈ ప్రోగ్రామ్‌లు వెతికే కుర్రాళ్లలో చాలామంది గేమర్లే. గేమ్‌లో చీటింగ్ చేస్తే ఒకప్పుడు అకౌంట్ మాత్రమే బ్యాన్ అయ్యేది. కొత్త మెయిల్ ఐడీతో ఇంకో అకౌంట్ తెరిచేవాళ్లు. దాంతో గేమ్ కంపెనీలు అకౌంట్‌ను వదిలేసి మెషీన్‌నే పట్టుకోవడం మొదలుపెట్టాయి. 2020లో వచ్చిన వాలొరాంట్ గేమ్‌తో పాటు వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ కూడా ఇన్‌స్టాల్ అవుతుంది. అది కెర్నల్ లెవెల్‌లోనే కూర్చుంటుంది. చీటింగ్ దొరికితే హార్డ్‌వేర్ ఐడీల మీదే బ్యాన్ వేస్తుంది. విండోస్ 11లో వాలొరాంట్ ఆడాలంటే టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. మార్చడం కష్టమైన ఐడీ దొరకడానికి ఆ రూల్ ఉపయోగపడుతుంది.

ఫోన్ గేమ్‌లలో కూడా ఇదే జరిగింది. మన దగ్గర కుర్రాళ్లంతా ఆడే బీజీఎంఐని తయారు చేసిన క్రాఫ్టన్ కంపెనీ 2021 డిసెంబర్‌లో డివైస్ బ్యాన్ ప్రకటించింది. చీటింగ్ ప్రోగ్రామ్ వాడినట్టు దొరికితే ఆ ఫోన్‌లో ఇక గేమ్ నడవదు, అకౌంట్ మార్చినా లాభం లేదు.

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. బ్యాన్ పడింది మనిషికి కాదు, మెషీన్‌కు. మనిషి ఆ మెషీన్‌ను అమ్మేస్తాడు. బ్యాన్ మాత్రం మెషీన్‌తో పాటే వెళ్తుంది. శాలిబండలోనో, యాకుత్‌పురాలోనో ఒక గేమింగ్ జోన్ పెట్టిన అన్న పది సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు కొన్నాడనుకోండి. అందులో రెండు బ్యాన్ పడ్డవి. గంటకు డబ్బులు కట్టి కూర్చున్న పిల్లాడు లాగిన్ అయితే గేమ్ ఓపెన్ కాదు. తప్పు చేసింది ఎవరో, గొడవ పడాల్సింది మాత్రం ఈ అన్న. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి ‘భాయ్, ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది, మూడు నొక్కితే చాలు’ అంటారు.

ఫ్రీ ప్రోగ్రామ్.. అసలు రేటెంత?

ఆ ‘చిన్న ప్రోగ్రామ్’ పెట్టే కండిషన్లు ఒకసారి గమనించండి. యాంటీ వైరస్ ఆఫ్ చేయమంటుంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేయమంటుంది. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కమంటుంది. ఫైల్ ఏమో పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో వస్తుంది. పాస్‌వర్డ్ ఎందుకంటే, అది ఉంటే యాంటీ వైరస్ లోపల ఏముందో చూడలేదు.

మీ ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ ‘ముందు సీసీ కెమెరా ఆపండి, బీరువా తాళాలు ఇవ్వండి, మీరు బయట నిలబడండి, ఫ్యాన్ రిపేర్ చేస్తా’ అంటే ఒప్పుకుంటారా? ఇది కూడా అంతే.

ఇలా తలుపులన్నీ తెరిచాక లోపలికి వచ్చేది ఐడీ ఛేంజర్ ఒక్కటే అన్న గ్యారంటీ లేదు. ఇన్ఫో స్టీలర్ అనే మాల్‌వేర్లు ఉంటాయి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు దొంగిలించి బయటికి పంపడమే వాటి పని. కుకీ దొరికితే కొన్నిసార్లు పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే మీ అకౌంట్‌లోకి వెళ్లిపోవచ్చు. స్క్రీన్ మీద మాత్రం ‘ఐడీ మారింది’ అని ఆకుపచ్చ అక్షరాల్లో వస్తుంది. నిజంగానే మారి కూడా ఉండొచ్చు. పని జరిగింది కాబట్టి ఎవరికీ డౌట్ రాదు.

పాతబస్తీలో చాలా ఇళ్ల పరిస్థితి ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంటికంతా ఒకటే ల్యాప్‌టాప్. అబ్బాయి గేమ్ ఆడేది అందులోనే, చెల్లి కాలేజీ అసైన్‌మెంట్ చేసేది అందులోనే. జెడ్డాలోనో, దుబాయ్‌లోనో పని చేస్తున్న అన్న పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాగితాలు, అమ్మానాన్నల ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్‌లు కూడా అందులోనే. గేమ్ బ్యాన్ తీయడానికి నొక్కిన ‘3’ ఇంటి మొత్తం కాగితాలను బయటపెట్టొచ్చు. గేమ్ పోతే ఇంకోటి ఆడుకోవచ్చు. పాస్‌పోర్ట్ కాపీ ఒకసారి బయటికి వెళ్తే వెనక్కి తెచ్చుకోలేం.

ఫోన్ దగ్గరకొచ్చేసరికి లెక్క వేరు

కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ మార్చుకుంటే ఆ ఒక్క పనికే జైలు వేసే చట్టం లేదు. దాన్ని వాడి ఎవరినైనా మోసం చేస్తే అప్పుడు ఐటీ చట్టం కింద కేసు అవుతుంది. ఇతరుల ప్రత్యేక గుర్తింపును మోసపూరితంగా వాడుకుంటే సెక్షన్ 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

ఫోన్ ఐఎంఈఐ అలా కాదు. దాన్ని మార్చడమే నేరం. 2017లోనే కేంద్రం దీనికి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 దీన్ని ఇంకా గట్టి చేసింది. సెక్షన్ 42 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నాన్ బెయిలబుల్ కూడా. ఐఎంఈఐ మార్చారని తెలిసి ఆ ఫోన్‌ను దగ్గర పెట్టుకున్నా ఇదే సెక్షన్ వర్తిస్తుంది. ఈ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది.

ఐఎంఈఐ అంటే 15 అంకెలు. మొదటి 8 అంకెలు ఫోన్ కంపెనీ, మోడల్ చెబుతాయి. తర్వాతి 6 ఆ ఫోన్ సీరియల్. చివరి అంకె ముందున్న 14 అంకెలతో లెక్క కడితే వచ్చేది. నోటికొచ్చిన నెంబర్ రాస్తే ఈ చివరి అంకె లెక్క తప్పి దొరికిపోవచ్చు. కొందరు మోసగాళ్లు నిజంగా ఎవరో వాడుతున్న ఫోన్ నెంబర్‌నే కాపీ కొడతారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆ అసలు ఓనర్‌కు ఏ పాపం తెలియదు. కాపీ ఫోన్‌తో ఎవరైనా నేరం చేస్తే రికార్డుల్లో కనిపించేది అతని నెంబర్.

ఇది ఎంత దూరం వెళ్తుందో 2020లో యూపీలోని మీరట్‌లో తెలిసింది. ఒకే ఐఎంఈఐ మీద సుమారు 13,500 ఫోన్లు నడుస్తున్నట్టు అక్కడి పోలీసులు గుర్తించారు. రిపేర్ తర్వాత సరిగ్గా పని చేయని ఒక పోలీస్ అధికారి ఫోన్‌ను సైబర్ సెల్ చెక్ చేస్తే ఈ విషయం బయటపడింది.

ఒకప్పుడు ప్రభుత్వమే ఓకే అంది

ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం. ఐఎంఈఐ రాయడం ఒకప్పుడు మన దేశంలో బహిరంగంగానే జరిగింది. 2009 గుర్తు చేసుకోండి. రెండు సిమ్‌లు, పెద్ద స్పీకర్లు, తక్కువ రేటు, చైనా ఫోన్ల జమానా అది. వాటిలో చాలా ఫోన్లకు ఐఎంఈఐ ఉండేది కాదు, ఉన్నా అన్నీ సున్నాలే. భద్రతా కారణాలతో అలాంటి ఫోన్లను నెట్‌వర్క్ నుంచి తీసేయాలని కేంద్రం ఆదేశించింది. 2009 నవంబర్ 30 గడువు పెట్టారు. తెలియక కొనుక్కున్న జనం కోసం మొబైల్ ఆపరేటర్ల సంఘం మద్దతుతో ఒక కార్యక్రమం నడిచింది. 199 రూపాయలు కడితే సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ ద్వారా ఫోన్‌లో అసలైన ఐఎంఈఐ ఎక్కించేవారు.

పని అదే, ఫోన్‌లో నెంబర్ రాయడమే. తేడా ఒక్కటే. అక్కడ ప్రతి ఫోన్‌కు వేరే నెంబర్ ఇచ్చి రికార్డులో పెట్టారు. దొంగ షాపులో ఆ రికార్డు ఉండదు. ఇంకొకరి నెంబర్ తెచ్చి రాస్తారు.

హైదరాబాద్‌లో ఏం జరుగుతోంది?

2024 మే నెలలో హైదరాబాద్ టాస్క్‌ఫోర్స్ పోలీసులు ఒక పెద్ద నెట్‌వర్క్‌ను పట్టుకున్నారు. మొత్తం 17 మంది అరెస్ట్. అందులో ఐదుగురు సూడాన్ దేశస్థులు. 703 ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు. రోడ్డు మీద లాక్కున్న, కొట్టేసిన ఫోన్లు చేతులు మారి మారి సూడాన్‌కు వెళ్తున్నాయని పోలీసులు చెప్పారు.

సూడాన్ దాకా ఎందుకు? ఇక్కడే సీఈఐఆర్ గురించి తెలుసుకోవాలి. పోయిన ఫోన్ ఐఎంఈఐని దేశంలోని అన్ని నెట్‌వర్క్‌లలో బ్లాక్ చేసే కేంద్ర ప్రభుత్వ సిస్టమ్ ఇది. దేశమంతా 2023 మే 17న మొదలైంది. తెలంగాణలో అంతకు ఒక నెల ముందే, ఏప్రిల్‌లో ట్రయల్‌గా మొదలైంది. బ్లాక్ చేసిన ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్ వేసినా పని చేయదు. ఎవరైనా సిమ్ వేసి ట్రై చేస్తే ఆ సమాచారం పోలీసులకు వెళ్తుంది. కాబట్టి దొంగ ఫోన్‌కు మూడే దారులు మిగిలాయి. విప్పి పార్టులుగా అమ్మడం, ఈ బ్లాక్ పని చేయని వేరే దేశానికి పంపడం, లేదంటే ఐఎంఈఐ మార్చి ఇక్కడే ఎవరికో అంటగట్టడం. ఆ మూడో దారిలో చివర నిలబడేది కొనేవాడే.

అందరు షాపు వాళ్లూ ఇలాగే ఉంటారని కాదు. బిల్లు ఇచ్చి, ఐడీ ప్రూఫ్ తీసుకుని, నిజాయితీగా రిపేర్లు చేసుకుని బతికేవాళ్లు అదే లైన్‌లో పక్క షాపులోనే ఉంటారు. ఒక్కరు చేసిన పనికి మార్కెట్ మొత్తానికి చెడ్డ పేరు. అందుకే బిల్లు అడగడం షాపు వాళ్లను అవమానించడం కాదు. మంచి షాపు అయితే అడగకముందే ఇస్తుంది.

ఫోన్ కొనేటప్పుడు ఇలా చెక్ చేయండి

ముందు డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. ఐఎంఈఐ వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నెంబర్లు వస్తాయి. బాక్స్ మీద, బిల్లు మీద ఉన్న నెంబర్‌తో పోల్చండి. కొన్ని మోడళ్లకు సిమ్ ట్రే మీద కూడా ఉంటుంది. అన్నీ ఒకటే ఉండాలి.

తర్వాత ఆ ఐఎంఈఐని 14422కు ఎస్ఎంఎస్ చేయండి. ఇంగ్లిష్‌లో కె, వై, ఎం అనే మూడు అక్షరాలు, ఒక స్పేస్, తర్వాత 15 అంకెలు. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో, 2025 జనవరిలో వచ్చిన ఆ యాప్‌లో కూడా చూడొచ్చు. జవాబులో ఫోన్ కంపెనీ, మోడల్ వస్తాయి. చేతిలో ఉన్నది ఒక మోడల్, జవాబులో వచ్చింది ఇంకో మోడల్ అయితే తిరిగి ఇచ్చేయండి. బ్లాక్ లిస్ట్ అని, డూప్లికేట్ అని, ఇప్పటికే వాడుకలో ఉందని వచ్చినా కొనొద్దు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. మంచి నెంబర్ కాపీ కొట్టి పెడితే ఈ చెక్‌లో ‘ఓకే’ అని కూడా రావొచ్చు. అందుకే బాక్స్, బిల్లు రెండూ కావాలి. ‘బిల్లు లేదు, అందుకే రెండు వేలు తగ్గించా’ అన్నారంటే, ఆ రెండు వేలకు మీరు రిస్క్ కొంటున్నారని అర్థం.

ల్యాప్‌టాప్ అయితే?

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లమని షాపు అతన్నే అడగండి. అక్కడ సీరియల్ నెంబర్ ఉంటుంది. కింద స్టిక్కర్ మీద ఉన్నదీ, బయోస్‌లో ఉన్నదీ ఒకటేనా చూడండి. ఆ నెంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే మోడల్ ఏంటో, వారంటీ ఎప్పటిదాకానో వస్తుంది. మోడల్ తేడా వచ్చినా, సీరియల్ ఖాళీగా ఉన్నా కారణం అడగండి. బోర్డు మార్చి ఉండొచ్చు, అది తప్పు కాదు. కానీ మార్చిన బిల్లు చూపించాలి. సెక్యూర్ బూట్, టీపీఎం ఆన్‌లో ఉన్నాయో లేదో కూడా చూడండి. ఆఫ్‌లో ఉంటే ఎందుకని అడగండి. గేమ్‌ల కోసం కొంటుంటే డబ్బులు ఇచ్చే ముందే గేమ్ ఎక్కించి లాగిన్ అయి చూడండి.

ఇంటికి తెచ్చాక మొదటి పని, విండోస్‌ను పూర్తిగా కొత్తగా ఎక్కించడం. పాత ఓనర్ వదిలేసిన ప్రోగ్రామ్‌ల మీద మీ బ్యాంక్ లాగిన్ చేయొద్దు.

ఇప్పటికే ‘3’ నొక్కేశారా?

కంగారు పడకండి, కానీ లేట్ చేయకండి. ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి మెయిల్, బ్యాంక్, సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు మార్చండి. ‘అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్’ ఆప్షన్ నొక్కండి. దొంగిలించిన కుకీలు పని చేయకుండా పోవాలంటే అదే దారి. తర్వాత ఫొటోలు, కాగితాలు మాత్రమే బ్యాకప్ తీసుకుని, ప్రోగ్రామ్‌లు ఏవీ దాచుకోకుండా, డిస్క్ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేయండి. ఆపేసిన సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేయండి. డబ్బులు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.

పేరెంట్స్‌కు ఒక మాట. పిల్లలు ఇలాంటిది చేసి వచ్చి చెబితే ముందు తిట్టొద్దు. తిడతారన్న భయంతో దాచిపెడితే, ఆ దాచిన రోజుల్లోనే అసలు నష్టం జరుగుతుంది.

ఫోన్ పోతే?

పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వండి. అదే నెంబర్ మీద డూప్లికేట్ సిమ్ తీసుకోండి. తర్వాత సంచార్ సాథీ ద్వారా సీఈఐఆర్‌లో ఐఎంఈఐ, కంప్లైంట్ వివరాలు ఇచ్చి బ్లాక్ చేయించండి. ఫోన్ దొరికాక మళ్లీ అన్‌బ్లాక్ చేసుకోవచ్చు. దీనికి మీ ఐఎంఈఐ మీకు తెలిసి ఉండాలి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. ఫోన్ పోయాక *#06# కొట్టలేరు కదా! ఈ వార్త చదువుతున్న ఫోన్‌లోనే ఇప్పుడు ఆ నెంబర్ చూసి, ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఫోన్ బాక్స్ పారేయకండి.

మెనూలో ‘3’ నొక్కితే మారేది మెషీన్ తన గురించి చెప్పే మాట మాత్రమే. మెషీన్ మారదు, దాని వెనకున్న తప్పు మారదు. ఆ తప్పుకు జవాబు చెప్పాల్సింది ఎప్పుడూ దాన్ని చివరగా కొన్నవాడే. జుమ్మేరాత్ బజార్‌లో బేరం ఆడండి, తప్పులేదు. కానీ బేరం కంటే ముందు బిల్లు అడగండి.